అరగంట చూసి ఆపేయండి

ప్రశ్న: మా మామగారికి 73 ఏళ్లు. రెవెన్యూ శాఖలో డిప్యూటీ తహసీల్దారుగా పదవీ విరమణ చేశారు. మా అత్తగారు నిరుడు పోయినప్పటి నుంచి ఆయన పెద్దగా మాట్లాడడం లేదు. ఈమధ్య అటక సర్దుతుంటే ఆయన దాచుకున్న పాత టీవీ ధారావాహికల డిస్కుల పెట్టె, దానితోపాటు ప్లేయరు దొరికాయి. కొన్ని ఆయన హైదరాబాద్‌లో పనిచేసినప్పుడు కొన్న హిందీవి, కొన్ని లండన్‌లో ఉండే మా చిన్నమామగారు పంపిన ఇంగ్లీషువి. పెట్టె చూడగానే ఆయన ముఖం విప్పారింది. ఆ ఆదివారం వరసగా ఆరు భాగాలు చూసి కుర్చీలోనే నిద్రపోయారు. మర్నాటి నుంచి మళ్లీ మామూలే. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి పది నిమిషాలు కూర్చుని ‘ఇందులో ఏమీ జరగడం లేదు’ అని లేచిపోయింది. ఇప్పుడు ప్లేయరు ట్రే కూడా తెరుచుకోవడం లేదు. ‘అన్నీ ఫోన్లో ఉంటే ఈ డబ్బా ఎందుకు’ అని మావారు అంటున్నారు. కొత్తది కొనమంటారా, వదిలేయమంటారా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం:

అమ్మా,

ప్లేయరు సంగతి తేలిక కాబట్టి ముందు అది చెప్పేస్తాను. ట్రే తెరుచుకోనంత మాత్రాన ప్లేయరు పని అయిపోయినట్టు కాదు. ట్రేను నడిపే చిన్న మోటారుకూ పళ్ల చక్రానికీ మధ్య ఉంగరమంత రబ్బరు బెల్టు ఒకటి ఉంటుంది. ఏళ్ల తరబడి అటక మీద పడి ఉంటే అది సాగిపోతుంది, లేదా గట్టిపడి జారిపోతుంది. లోపల మోటారు తిరుగుతున్న సన్నని చప్పుడు వినిపిస్తూ ట్రే మాత్రం కదలకపోతే జబ్బు చాలావరకు అదే. పాత టేప్ రికార్డర్లు బాగుచేసిన మనిషి మీ ఊళ్లో ఇంకా ఎవరైనా ఉంటే అతని దగ్గరకు పట్టుకెళ్లండి. బెల్టు మార్చి, ఆ చేత్తోనే లెన్సు మీద దుమ్ము కూడా తుడిచి ఇస్తాడు. ఇన్నేళ్ల తర్వాత ఆ యంత్రం ఒక్కరోజులో ఆరు భాగాలు నడిపిందంటే దాని ఆయుష్షు గట్టిదే.

కొత్తది కొనకుండా బాగు చేయించమనడానికి ఇంకో కారణం ఉంది. లండన్ నుంచి వచ్చిన డిస్కుల అట్ట వెనక చిన్న భూగోళం బొమ్మ, అందులో ఒక అంకె ఉంటాయి. ఏ దేశపు డిస్కు ఆ దేశపు ప్లేయరులోనే ఆడాలని సినిమా కంపెనీలు పెట్టుకున్న గీత అది. అమెరికాకు 1, బ్రిటన్‌కు 2, మనకు 5. చిన్నమామగారు పంపినవి ఇప్పటిదాకా మీ ఇంట్లో ఆడుతూ వచ్చాయంటే మీ ప్లేయరు అన్ని అంకెలనూ ఒప్పుకునే రకమన్నమాట. కొత్తది కొనక తప్పకపోతే లండన్ డిస్కు ఒకటి చేతిలో పట్టుకెళ్లి, దుకాణంలోనే వేయించి చూసి కొనండి. టీవీ బొమ్మకు బ్రిటన్‌దీ మనదీ ‘పాల్’ అనే ఒకటే పద్ధతి కాబట్టి బొమ్మతో పేచీ ఉండదు. కంప్యూటర్లో వేసుకుంటామంటే అది అంకె మార్చమంటారా అని అడుగుతుంది. ఐదుసార్లకు మించి మార్చనివ్వదు, ఐదోసారి పెట్టిందే దానికి శాశ్వతం. కంప్యూటరుకు తగిలించే బయటి డ్రైవును తెచ్చి నేరుగా టీవీకి గుచ్చితే పనిచేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నేను నమ్మి తెచ్చాను. మా టీవీ దాన్ని గుర్తుపట్టలేదు. ఇప్పుడది మా బీరువాలో కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పనికొస్తోంది.

యంత్రం మాట అయింది. మీ ఉత్తరంలో నా మనసు పట్టుకున్నది ట్రే కాదు, ఆ ఆదివారం.

ఆరు భాగాలు వరసగా చూశారన్నారు. మీ ఊరి కాజానే తీసుకోండి. ఒకటి తింటే ఒకటి తిన్నట్టు ఉంటుంది. వరసగా ఆరు తింటే ఒక్కటీ తిన్నట్టు ఉండదు, పైగా వెగటు. ఆ ధారావాహికలు రాసినవాళ్లకు ఒక సంగతి తెలుసు: ఈ భాగం అయ్యాక చూసేవాడికి వారం రోజులు ఇంకో భాగం దొరకదు. అందుకని అరగంటలో ఒక కథ మొదలై ముగియాలి; ముగిశాక ఆరు రోజులు నెమరు వేసుకోవడానికి ఏదో ఒకటి మిగలాలి. మా వీధిలో రెండిళ్లలోనే టీవీ ఉన్న రోజుల్లో, ముందురోజు రాత్రి చూసిన దాని గురించి మర్నాడు పంపు దగ్గర మాట్లాడుకునేవారు. హిందీ సగం అర్థమై సగం అర్థం కాని వాళ్లు ఆ అర్థం కాని సగాన్ని తలా ఒక రకంగా పూరించుకునేవారు. కథలో సగం అక్కడ, ఆ నీళ్ల బిందెల మధ్యే జరిగేది. డిస్కు చేతికొచ్చాక ఆ వారం రోజులు ఎగిరిపోయాయి. ఫోనైతే మరీ అన్యాయం, ఆఖరి పేర్లు కూడా పడనివ్వకుండా తరువాతి భాగాన్ని తోసేస్తుంది.

మీ మామగారు మాట్లాడడం లేదని రాశారు. ఆ ఆదివారం ఆయన మాట్లాడాలనుకున్నా ఎప్పుడు మాట్లాడతారు? ఒకటి అయిపోగానే రెండోది, అది కాగానే మూడోది. కాబట్టి నేను చెప్పేది ఒక్కటే: వారానికి ఒక రోజు, శనివారం రాత్రి అనుకోండి, ఒక వేళ, ఒక భాగం. అయిపోగానే టీవీ కట్టేయండి. కట్టేశాక వెంటనే ఎవరూ లేవకండి. తెర నల్లబడ్డాక వచ్చే ఆ పది నిమిషాల కోసమే ఈ ఏర్పాటంతా.

ఇక ఏది చూడాలన్నది. హిందీ డిస్కుల్లో ‘మాల్గుడి డేస్’ ఉండే ఉంటుంది. ఆ తరం వాళ్ల పెట్టెల్లో అది లేకపోవడం అరుదు. ఆర్.కె. నారాయణ్ కథలను శంకర్ నాగ్ కర్ణాటకలోని ఆగుంబెలో చిత్రీకరించాడు. ముందు వచ్చే బొమ్మలు రచయిత తమ్ముడు ఆర్.కె. లక్ష్మణ్ గీసినవి. ఎల్. వైద్యనాథన్ కట్టిన ఆ పల్లవి వినగానే మీ మామగారు ఆ కుర్చీలో ఒక్కసారి నిటారుగా కూర్చుంటారని నా పందెం. దూరదర్శన్‌లో ఎందరో ఎక్కడెక్కడి మనుషులనో చూసిన మాకు, పెంకుటిల్లు, అరుగు, పంచెకట్టుతో మన వైపు మనుషుల్లాంటి వాళ్లు తెర మీదకు రావడం అదో ఊరట. మొదటి 13 భాగాలను హిందీలోనూ ఇంగ్లీషులోనూ తీశారు కాబట్టి మీ దగ్గరున్నవి ఏ భాషవో చూసుకోండి. బళ్లో చదివే హిందీతో మీ అమ్మాయికి ఇది అందుతుంది.

అందులో ఒక తపాలా బంట్రోతు కథ ఉంది. పేరు తానప్ప. కథ కొంత చెబుతున్నాను, మీరు ఎంచుకోవడానికే. అమ్మాయికి మాత్రం చెప్పకండి. వీధిలో ప్రతి ఇంటి మంచిచెడ్డలూ తెలిసిన మనిషి తానప్ప. ఒక ఇంట్లో అమ్మాయి సంబంధం ఎన్నాళ్లకో కుదిరింది, ముహూర్తం తప్పితే ఆ పెళ్లి మళ్లీ ఎప్పటి మాటో. సరిగ్గా అప్పుడే ఆ ఇంటికి రావలసిన చెడ్డ కబురు అతని సంచిలోకి వచ్చిపడింది. అతను దాన్ని ఇవ్వలేదు. పెళ్లి అయ్యాక తనే తెచ్చి చేతిలో పెట్టాడు, కావాలంటే పైవాళ్లకు ఫిర్యాదు చేసుకోమన్నాడు.

అంతే కథ. అతను చేసింది తప్పా ఒప్పా అని ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. నేటి ధారావాహికలో అయితే ఆ కబురు చేతికి రాగానే ముగ్గురి ముఖాలు మూడేసిసార్లు చూపించి, ఒక ఉరుము వినిపించి, మిగతాది రేపటికి వాయిదా వేస్తారు. ఇక్కడ ఆ మనిషి తన సంచి సర్దుకుని పక్కింటికి నడుస్తాడు, మనం మాత్రం అక్కడే నిలబడిపోతాం. మంచి రచన అంటే నాకు ఇదే, చెప్పవలసింది చెప్పి మిగతాది చూసేవాడి మీద నమ్మకంతో వదిలేయడం.

మీ మామగారి విషయానికి వద్దాం. ఒక కాగితాన్ని ఆపడం అంటే ఏమిటో, ఆపకపోవడం అంటే ఏమిటో రెవెన్యూ శాఖలో జీతం తీసుకున్న మనిషికి ఒకరు చెప్పాలా? ఆయన ఉద్యోగ జీవితంలోనూ అలాంటి కవరు ఒకటి ఉండకపోదు. ఆ భాగం అయ్యాక ‘మామయ్యగారూ, మీరైతే ఆ కబురు ఇచ్చేవారా?’ అని అడిగి ఊరుకోండి. జవాబు ఆ రాత్రి రాకపోవచ్చు. మంగళవారం కాఫీ తాగుతూ వస్తుంది చూడండి.

లండన్ పెట్టెలో ‘యెస్ మినిస్టర్’ ఉందేమో వెతకండి. ప్రభుత్వోద్యోగం చేసిన అన్నగారికి లండన్ నుంచి డిస్కులు పంపే తమ్ముడు అది పంపకుండా ఉంటాడా! బీబీసీలో 1980 నుంచి 1984 వరకు వచ్చింది. ఆ మంత్రే ప్రధాని అయ్యాక 1986 నుంచి 1988 దాకా ‘యెస్ ప్రైమ్ మినిస్టర్’ పేరుతో నడిచింది. రెండూ కలిపి 38 భాగాలే. అన్నింటినీ ఆంటొనీ జే, జోనథన్ లిన్ ఇద్దరే కూర్చుని రాశారు. మంత్రి జిమ్ హ్యాకర్‌కు ఏదో చేసేయాలని తహతహ. శాఖ కార్యదర్శి సర్ హంఫ్రీకి ఏదీ కదలకూడదని పంతం. మధ్యలో నలిగిపోయే ఆంతరంగిక కార్యదర్శి బెర్నార్డ్. మంత్రి అడిగిన ప్రశ్నకు సర్ హంఫ్రీ జవాబు ఒక్కోసారి ఒకే ఒక్క వాక్యం. ఆ వాక్యం ముగిసేసరికి అడిగిందేమిటో మంత్రికే గుర్తుండదు.

ఒక భాగంలో కొత్త ఆసుపత్రి ఒకటి వస్తుంది. 500 మంది సిబ్బంది ఉంటారు, రోగి ఒక్కడూ ఉండడు. రోగులు లేకపోతే ఏం, పని మాత్రం బోలెడు ఉందని అక్కడి అధికారిణి వివరిస్తుంది. అత్యంత పరిశుభ్రమైన ఆసుపత్రికిచ్చే బహుమతి పోటీలో కూడా అది ఉంటుంది. ఇది చూసి మీ మామగారు నవ్వే నవ్వు వేరు. ఆయన నవ్వాక ‘తాతయ్యా, నిజంగా ఇలాగే ఉంటుందా?’ అని అమ్మాయి అడిగితే, ఆ తర్వాత మీరు చేయవలసిన పని ఏమీ లేదు. దీన్నే 2001లో ‘జీ మంత్రీజీ’ పేరుతో హిందీలో తీశారు, ఫారూఖ్ షేక్ మంత్రిగా. ఢిల్లీకి తెచ్చి నాటడానికి పాపం వాళ్లు పెద్దగా తవ్వవలసింది ఏమీ ఉండి ఉండదు!

ఇంగ్లీషు డిస్కుల్లో కింద అక్షరాలు పడే ఏర్పాటు ఉంటే తప్పక పెట్టుకోండి, ఇంగ్లీషు బాగా వచ్చినా సరే. సర్ హంఫ్రీ వేగాన్ని బ్రిటిషు వాళ్లకే అందుకోవడం కష్టం. వెనక వినిపించే నవ్వులు ఎక్కడి నుంచో తెచ్చి అతికించినవి కావు, ఎదురుగా కూర్చున్న ప్రేక్షకులవి. మీ అమ్మాయి అడుగుతుంది, చెప్పండి.

అమ్మాయి మాటను కొట్టిపారేయకండి. ‘ఏమీ జరగడం లేదు’ అన్న పిల్ల ఆ పది నిమిషాల్లో ఏది చూసిందో మీరు రాయలేదు. నిజంగానే ఏమీ జరగనివి ఆ కాలంలో బోలెడు వచ్చాయి. గోడకు చేరబడి గంటసేపు బరువుగా మాట్లాడుకునే మనుషులను నేనూ చూశాను, నిద్రా పోయాను. పాత బియ్యం మంచివే గానీ పాతవన్నీ బియ్యం కావు. ‘మా రోజుల్లో అయితే’ అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. దానంత త్వరగా పిల్లలను గదిలోంచి వెళ్లగొట్టేది ఇంకొకటి లేదు. ఆమెకు మొదట మాల్గుడిలోని స్వామి కథ వేయండి. పులితో తలపడిన కుర్రాడి వార్త పత్రికలో చదివి, నీకంత ధైర్యం ఉందా అని తండ్రి వాడిని ఒంటరిగా ఆఫీసు గదిలో పడుకోమనే కథ. తండ్రిగా గిరీశ్ కర్నాడ్, స్వామిగా మాస్టర్ మంజునాథ్. ఆ పిల్లవాడు నటిస్తున్నాడని నేనిప్పటికీ నమ్మను. తరువాత ‘బ్యోమకేశ్ బక్షీ’ దొరికితే అది. బాసు చటర్జీ తీసిన కలకత్తా డిటెక్టివ్ కథలు, 1993లో మొదలయ్యాయి. పిస్తోలు పేలడం తక్కువ, ఆలోచించడం ఎక్కువ. రిమోటు ఆమె చేతికే ఇవ్వండి. ఆపమని తాతయ్య అంటే ఆపాలి, తనకు అర్థం కాకపోతే తనే ఆపి అడగవచ్చు. ఆనాడు మాకు లేనిది ఆ ఆపే మీట ఒక్కటే, దాన్ని మాత్రం సిగ్గుపడకుండా వాడుకోండి.

‘తమస్’ కనబడితే పక్కన పెట్టండి. గోవింద్ నిహలానీ తీసిన దేశ విభజన కథ, ఆ కాలంలో వచ్చిన వాటిలో నేను అన్నిటికన్నా పైన పెట్టేది. కానీ మొదటి దృశ్యం నుంచే గుండె మీద రాయి పెడుతుంది. దుఃఖంలో ఉన్న పెద్దాయనకూ 14 ఏళ్ల పిల్లకూ ఇప్పుడది వద్దు. ‘భారత్ ఏక్ ఖోజ్’ ఉంటే 53 భాగాలను వరసగా చూడాలన్న పట్టుదల వద్దు. బళ్లో చరిత్ర పాఠం ఎక్కడ నడుస్తోందో అక్కడ తెరవమనండి. ఇన్ని పేర్లు చెబుతున్నానే, మన తెలుగు ధారావాహికలు డిస్కు రూపంలో నా చేతికి ఇంతవరకు ఒక్కటీ రాలేదు. మీ పెట్టెలో ఏదైనా ఉంటే నాకు రాయండి, అసూయపడతాను.

చూసేముందు ఒక దిద్దుబాటు. ఆనాటి బొమ్మ ఇంచుమించు చదరం, ఇవాళ్టి టీవీ అడ్డంగా పొడుగు. టీవీ ఆ బొమ్మను రెండు వైపులా సాగదీసి, సన్నటి స్వామిని బొద్దుగా చేస్తుంది. రిమోటులో బొమ్మ కొలత మార్చే చోట 4:3 పెట్టండి. అటూ ఇటూ నల్లని పట్టీలు వస్తాయి, రానివ్వండి. హిందీవాటిలో కొన్ని వీసీడీలు కావచ్చు. అవి పెద్ద టీవీలో మసకగానే ఉంటాయి. డిస్కు తప్పు కాదు, ఆ రకమే అంత. కుర్చీ రెండడుగులు వెనక్కి జరపండి. పలుచని టీవీల స్పీకర్లు చాలావాటిలో వెనక్కో కిందికో తిరిగి ఉంటాయి కాబట్టి 73 ఏళ్ల చెవికి మాటలు సగమే అందుతాయి. మాటల మీదే నడిచే కథలకు అది పెద్ద నష్టం. ఒక చిన్న స్పీకరు ఆయన కుర్చీ దగ్గర పెడితే పెద్ద టీవీ కొన్నంత ఫలితం.

డిస్కులను కళ్లద్దాలు తుడిచే గుడ్డతో, మధ్యలోంచి అంచు వైపు తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పవద్దు. చుట్టూ పడిన గీత సమాచారపు వరసను పొడవునా తినేస్తుంది. అడ్డగీతనైతే ప్లేయరు చాలావరకు సర్దుకుంటుంది. మీది సముద్రపు గాలి, బూజు పట్టి ఉంటే గోరువెచ్చని నీళ్లలో ఒక్క చుక్క సబ్బు చాలు. పళ్లపొడి, పేస్టు రుద్దితే గీతలు పోతాయని ఎవరో చెబితే నేను రుద్దాను. గీతలు పోయాయి, వాటితోపాటు బొమ్మ కూడా.

ఇంకొకటి, ఇది కాస్త నిదానంగా చదవండి. ఆ పెట్టెలో అచ్చు అట్ట లేకుండా, మీద చేత్తో రాసి, అడుగు ఊదాగానో నీలంగానో మెరిసే డిస్కులు ఉంటాయి. అవి కొన్నవి కావు, ఎవరో రాయించినవి. మీ పెళ్లిదో, అమ్మాయి అన్నప్రాశనదో అయి ఉండవచ్చు. దుకాణంలో కొన్నవాటికన్నా అవి ముందు పాడవుతాయి, ఎందుకంటే వాటిలో బొమ్మ ఉన్నది రంగుపూతలో. మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించుకోండి. ఎక్కించేటప్పుడు మీరూ మీవారూ మాత్రమే చూడండి. వాటిలో మీ అత్తగారి గొంతు ఉంటుంది. అది మామగారికి ఎప్పుడు వినిపించాలో ఆయన అడిగిన రోజున తెలుస్తుంది. మామూలు శనివారపు వరసలో పొరపాటున కలిసిపోనివ్వకండి.

మీవారి మాటలో నిజం లేకపోలేదు. దూరదర్శన్ పాత నిధిలోంచి కొన్నిటిని ప్రసార భారతే ఇంటర్నెట్‌లో పెట్టింది. ఏ డిస్కయినా పూర్తిగా పాడైపోతే నిస్సంకోచంగా అక్కడ చూడండి, టీవీలోకి తెచ్చుకుని మరీ. నేను డిస్కు పూజారిని కాను. కాకపోతే ఫోను ఒక్క మనిషి చూసే తెర. ఆ పెట్టె ఆయనది, ఆయన జీతంలోంచి కొన్నది, తమ్ముడు పంపింది. ఈ వారం ఏది వేయాలో అట్టలు ఒక్కొక్కటీ తిరగేసి ఆయనే ఎంచాలి. అది కూడా చూడడంలో భాగమే.

ఆఖరిగా, మీ ఉత్తరంలో మామగారు చూశారు, అమ్మాయి చూసి లేచిపోయింది, మీవారు ఒక మాటన్నారు. మీరెక్కడ కూర్చున్నారో రాయలేదు. వంటింట్లో ఉండి ఉంటారు. శనివారం రాత్రికి పొద్దుటి పప్పుచారు, అప్పడాలు చాలు. హాల్లో నాలుగో కుర్చీ వేయించండి.